మినిట్స్ పుస్తకం ఎవరి ఇంట్లో ఉంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అయిదు యువజన సంఘాల పాత కాగితాలకు సంబంధించినవే కావడంతో ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయించాం. ఉత్తరాలను కుదించాం. రాసినవారి పేర్లు, సంఘాల పేర్లు వారి కోరిక మేరకు తీసివేశాం.

ప్రశ్న: మా యువజన సంఘానికి త్వరలో యాభై ఏళ్లు నిండుతున్నాయి. స్వర్ణోత్సవ సంచికలో సంఘ చరిత్ర రాసే పని నా మీద పెట్టారు. మొదటి తరంలో మిగిలిన ఇద్దరు పెద్దల్లో ఒకరు దివిసీమ తుఫాను సహాయం కోసమే సంఘం పుట్టిందంటారు. రెండోవారు అంతకు ఏడాది ముందే వీధిలో పఠన మందిరం నడిపామంటారు. రిజిస్ట్రేషన్ పత్రం మీద 1979 అని ఉంది. ఒక ట్రంకుపెట్టె నిండా కాగితాలు, వందకు పైగా తేదీల్లేని ఫొటోలు ఉన్నాయి. ఏ సంవత్సరాన్ని నమ్మాలి? పని ఎక్కడ మొదలుపెట్టాలి?
— కార్యదర్శి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: చరిత్ర రాయడం తర్వాతి మాట, ముందు ఆ పెట్టెను జాగ్రత్తగా తెరవండి. సంచిక హడావుడిలో చాలామంది కాగితాలన్నీ చాప మీద కుమ్మరించి, పనికొచ్చేవి ఒక పక్కన, పనికిరానివి ఒక పక్కన పేరుస్తారు. దాంతో ఏ కాగితం దేని పక్కన ఉండేదన్న ఆధారం తిరిగి రాకుండా పోతుంది. తేదీ లేని ఆహ్వాన పత్రిక 1983 నాటి ఓచర్ల (ఖర్చు చీటీల) కట్టలో దొరికితే దాని వయసు దాదాపు తెలిసినట్టే. అదే పత్రిక విడిగా చేతికి వస్తే మొదటినుంచీ వెతుక్కోవలసిందే. అందుకని పెట్టెలో ఒక్కో వరుస తీస్తున్నప్పుడు ఫోనుతో ఒక ఫొటో తీయండి. కట్టలు విప్పకుండా ఒక్కోదానికి అంకె వేసి, ఆ అంకెకు ఎదురుగా అందులో ఏముందో నోటుపుస్తకంలో రెండు ముక్కలు రాసుకోండి. తుప్పు పట్టిన గుండుసూదులు, కరిగి అతుక్కుపోయిన రబ్బరు బ్యాండ్లు మాత్రం అప్పుడే తీసేయాలి. వాటి స్థానంలో నూలు టేపుతో వదులుగా కట్టండి. ఏ కాగితాన్నీ ఇంకా పారేయవద్దు, ముఖ్యంగా ఓచర్లను. ఎందుకో కింద చెబుతాను.

ఇక సంవత్సరం సంగతి. మీ ఇద్దరు పెద్దల మాటా, రిజిస్ట్రేషన్ పత్రమూ మూడూ నిజమే కావచ్చు. కుర్రాళ్లు నలుగురు కూడి ఒక పని మొదలుపెట్టిన రోజు ఒకటి, పేరు పెట్టుకుని మొదటి తీర్మానం రాసుకున్న రోజు మరొకటి, ప్రభుత్వ లెక్కలోకి ఎక్కిన రోజు ఇంకొకటి. మన వైపు సంఘాలకు ఈ మూడింటి మధ్య ఏళ్ల తేడా ఉండడం మామూలే. మీ సంఘం నమోదైన కాలానికి కోస్తా జిల్లాల్లో అమల్లో ఉన్నది 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. దాని స్థానంలో తర్వాత వచ్చినది ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001. పాత చట్టం కిందనైనా కొత్త చట్టం కిందనైనా నమోదుకు ఏడుగురు సంతకాలు పెట్టాలి, కార్యవర్గ సభ్యుల పేర్లు, చిరునామాలు, వృత్తులు రాసి ఇవ్వాలి. మీ దగ్గర సర్టిఫికెట్ ఒక్కటే మిగిలి ఉంటే, రుసుము కట్టి జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో ఆ పత్రాల నకలు అడగండి. ఆ ఏడుగురిలో ఎవరు విద్యార్థి, ఎవరు గుమాస్తా, ఎవరికి కిళ్లీ కొట్టు ఉండేదో తెలిస్తే, సంఘం ఎవరి చేతుల్లో పుట్టిందో పది పేజీల పొగడ్త కంటే బాగా తెలుస్తుంది.

తుఫాను కథకు ఆధారం రసీదు పుస్తకాల్లో దొరికే అవకాశం ఉంది. దివిసీమను ఉప్పెన ముంచింది 1977 నవంబరు 19న. ఇలాంటి పనిలోనే ఒకసారి మరో సంఘం పెట్టెలో ఒక రసీదు పుస్తకం నా చేతికి వచ్చింది. అట్ట లేదు, మొదటి పది ఆకులను చెదలు తినేశాయి, కార్బన్ మరకతో మిగతావి నీలంగా మారాయి. కౌంటర్‌ఫాయిల్ (సంఘం దగ్గరే మిగిలే రసీదు సగం) మీద అచ్చయిన ‘రూ.’ గడి ఖాళీగా ఉంది. దాని పక్కన పెన్సిలుతో ‘2 పాత చీరలు, కుంచెడు బియ్యం, 1 లాంతరు’ అని, కింద 24-11-77 అని ఉంది. ఆ సంఘం నమోదైంది మరుసటి ఏడాది. రిజిస్ట్రేషన్ కంటే ముందే సంఘం ఉందనీ, పనిచేసిందనీ చెప్పడానికి లాంతరు రాసిన ఆ ఒక్క కాగితం సరిపోయింది. రసీదు మీద సంఘం పేరు అచ్చయి ఉందంటే పేరు అంతకుముందే పెట్టుకున్నారన్న మాట. ఆకు అడుగున చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు ఉంటే దాన్ని కూడా రాసుకోండి.

పఠన మందిరం ఆధారాలు వేరే చోట దొరకాలి. పుస్తకాల లోపలి అట్ట మీద వేసిన సీలు, పుస్తకాల జాబితా, పత్రికల చందా రసీదు చూడండి. ఏదీ దొరకకపోతే, ‘1976లో పఠన మందిరం నడిపినట్టు ఫలానావారు ఫలానా తేదీన చెప్పారు’ అని రాయండి. అది తక్కువ రకం చరిత్రేమీ కాదు. ఎవరు చెప్పారో చెప్పకుండా అదే మాటను రూఢిగా రాస్తేనే తప్పు. పెద్దలిద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి అడగవద్దు. ఎవరి గొంతు పెద్దదైతే వారి సంవత్సరమే ఖాయమవుతుంది. విడివిడిగా వెళ్లి, అనుమతి తీసుకుని ఫోనులో రికార్డు చేయండి. ‘చరిత్ర చెప్పండి బాబాయ్’ అని మొదలుపెడితే ఉపన్యాసం వస్తుంది. చేతిలో ఒక ఫొటో పెట్టి ‘ఈ మూల నిలబడ్డదెవరు?’ అని అడిగితే కథ వస్తుంది.

తేదీల్లేని ఫొటోలు, కరపత్రాలు, ఉత్తరాల విషయంలో కొన్ని గుర్తులు నాకు బాగా పనికొచ్చాయి. లెటర్‌హెడ్ మీద ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతి కాగితం. ‘విజయవాడ-3’ అన్న పాత పద్ధతి చిరునామాతో మోసపోవద్దు, దాన్ని చాలామంది ఆ తర్వాత కూడా వాడారు. ఆరంకెల ల్యాండ్‌లైన్ నంబరు ఉంటే, నంబర్ల ముందు 2 చేరిన కాలానికి, అంటే 2000 దశకం తొలి ఏళ్లకు ముందుది. విజయవాడకు నగరపాలక సంస్థ వచ్చింది 1981లో, గుంటూరుకు 1994లో. కాబట్టి అర్జీ మీద ‘మునిసిపాలిటీ’ అని ఉందా, ‘నగరపాలక సంస్థ’ అని ఉందా అన్నది చూడండి. ఘాట్లలో వాలంటీరు బ్యాడ్జీలతో కుర్రాళ్లు కనిపిస్తే కృష్ణా పుష్కరాలు కావచ్చు: 1980, 1992, 2004, 2016. వీటిలో ఏదన్నది రంగుల ప్రింటా, నలుపు తెలుపా, బట్టలెలా ఉన్నాయి, వెనక గోడ మీద ఏ సినిమా పోస్టరుంది అన్నవి చూస్తే తేలుతుంది. ఉగాది కవి సమ్మేళనం ఆహ్వానంలో తేదీ లేకపోయినా సంవత్సరం పేరు ఉంటుంది. ‘పింగళ’ అంటే 1977, ‘రౌద్రి’ అంటే 1980, ‘ప్రభవ’ అంటే 1987. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కనుక మీ సంఘం విషయంలో పొరపాటు పడే వీల్లేదు. తేదీ, వారం ఉండి సంవత్సరం లేకపోతే క్యాలెండరు తిరగేయండి. 1970 నుంచి 1999 వరకు జనవరి 26 ఆదివారం వచ్చినవి 1975, 1986, 1992, 1997 మాత్రమే. ఈ గుర్తుల్లో ఏ ఒక్కటీ చాలదు, రెండు కలిస్తే ధైర్యంగా రాయవచ్చు. ఊహించిన సంవత్సరాన్ని ఫొటో వెనక మెత్తటి పెన్సిలుతో, పక్కన ప్రశ్నార్థకం పెట్టి రాయండి. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే ముందువైపు గీత పడుతుంది.

ఓచర్లు పారేయవద్దని అన్నాను. మినిట్స్ పుస్తకంలో, అంటే సమావేశాల తీర్మానాలు రాసే పుస్తకంలో, అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, ‘మొదలగువారు’ మాత్రమే ఉంటారు. గణపతి పందిరి వేసినవారు, మైకు సెట్టు అద్దెకిచ్చినవారు, వాలీబాల్ నెట్టు కుట్టినవారు, రెండు వందల మందికి పులిహోర కలిపిన ఆడవాళ్లు ఓచర్లలోనే దొరుకుతారు. ఒక సంఘంలో పదిహేనేళ్ల మినిట్స్ చదివితే ఒక్క స్త్రీ పేరూ కనిపించలేదు. అదే సంఘం ఓచర్లలో ప్రతి ఏటా ఒకే స్త్రీ వేలిముద్ర, ‘వంట కూలి’ అన్న మాట కనిపించాయి. మీ సంచికలో అధ్యక్షుల ఫొటోలు వరుసగా వేస్తారు, వేయండి, కాదనను. వాటితోపాటు అలాంటి ఓచరు ఒకటి కూడా అచ్చు వేయమని నా మనవి.

గొడవల సంగతి మీరు అడగలేదు గానీ, ఉండే ఉంటాయి. సంఘం రెండుగా చీలిన ఏడు, లెక్కలు తేలని ఏడు సంచికలో రాయాలా అన్న సంకోచం అందరికీ వస్తుంది. జరిగిందని తీర్మానంలో ఉంటే, ఎవరి మీదా తీర్పు చెప్పకుండా, తీర్మానంలో ఉన్నంత వరకు రాయండి. దాచిపెట్టిన మూడేళ్లు సంచికలో ఖాళీగా కనిపిస్తే చదివేవారు తలా ఒక కథ అల్లుకుంటారు.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు మా సంఘం బీరువా నాలుగు రోజులు నీటిలో ఉంది. మినిట్స్ పుస్తకాలను ఎండలో ఆరబెట్టాం. అవి వంకర్లు తిరిగి, ఆకులు అతుక్కుని, బూజు పట్టాయి. ఆల్బమ్‌లో ఫొటోలు ప్లాస్టిక్ కాగితానికి అంటుకుపోయాయి. మినిట్స్ మళ్లీ కొత్త పుస్తకంలో రాసుకోవచ్చా?
— అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

జవాబు: చివరి ప్రశ్నకు ముందుగా జవాబిస్తాను. పాత తేదీలు వేసి, పాత సంతకాలు పెట్టించి, జ్ఞాపకం మీద మినిట్స్ తిరగరాయవద్దు. ఉద్దేశం ఎంత మంచిదైనా అది దొంగ రికార్డే అవుతుంది, రేపు స్థలం మీదో బ్యాంకు ఖాతా మీదో వివాదం వస్తే సంఘానికే చుట్టుకుంటుంది. సర్వసభ్య సమావేశం పెట్టి, ఏయే పుస్తకాలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నవి వరదలో పాడయ్యాయో తీర్మానంగా రాసుకోండి. గుర్తున్న విషయాలను ‘జ్ఞాపకం మీద రాసినది’ అన్న శీర్షికతో, ఈనాటి తేదీతో, చెప్పినవారి పేర్లతో వేరే పుస్తకంలో రాయండి. పోయినవాటికి నకళ్లు బయట దొరకవచ్చు. ఏటా రిజిస్ట్రార్‌కు పంపిన కార్యవర్గ జాబితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆడిటర్ దగ్గర లెక్కల ప్రతులు, వరద రాని పేటల్లో ఉన్న సభ్యుల ఇళ్లలో ఆహ్వానాలు ఉంటాయి, అడిగి చూడండి.

బూజు పట్టిన పుస్తకాలను మంచివాటి పక్కన పెట్టవద్దు. మాస్కు, చేతితొడుగులు వేసుకుని, గాలి ఆడే వసారాలో, బాగా ఆరిన తర్వాతనే మెత్తటి బ్రష్షుతో బయటి వైపుకు దులపండి. తడి గుడ్డతో తుడిస్తే బూజు కాగితంలోకి ఇంకుతుంది. అతుక్కున్న ఆకులను గోటితో లాగవద్దు. విడివడినంత వరకే విడదీసి ఫొటో తీసుకోండి. ఫౌంటెన్ పెన్ సిరా కరిగిపోయినా బాల్‌పెన్ను రాతకు కాగితంలో గాడి మిగిలి ఉంటుంది. గది చీకటి చేసి, టార్చిలైటు పక్కవాటుగా పట్టి చూస్తే ఆ గాడి నీడలో అక్షరాలు కనిపిస్తాయి, అలాగే ఫొటో తీయండి. ఆల్బమ్‌లోని ఫొటోలను విడదీసే ముందు ప్లాస్టిక్ మీదుగానే స్కాన్ చేయించండి. నెగటివ్‌లు ఏ స్టూడియోలోనైనా మిగిలాయేమో వాకబు చేయండి.

ఇక ముందు ఎప్పుడైనా తడిస్తే గుర్తుంచుకోవలసింది ఇది. బూజు రెండు రోజుల్లో మొదలవుతుంది. ఎండ కాకుండా నీడ, ఫ్యాను గాలి కావాలి, ఆకుల మధ్య అచ్చు లేని న్యూస్‌ప్రింట్ పెట్టి మారుస్తూ ఉండాలి. అన్నీ ఒకేసారి ఆరబెట్టే వీలు లేకపోతే, కరెంటు ఉన్నచోట, పుస్తకాలను ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టడం మంచి ఉపాయం. అక్కడ బూజు ఎదగదు కనుక తర్వాత తీరిగ్గా ఒక్కోటి తీసి ఆరబెట్టుకోవచ్చు. ఫొటోలను మాత్రం అలా పెట్టవద్దు. తడి ఉండగానే మంచినీటిలో ముంచి తీసి, విడివిడిగా దండెం మీద ఆరవేయండి. బీరువాను నేల మీద కాకుండా, కనీసం రెండు ఇటుకల ఎత్తున పెట్టండి. బుడమేరు ఆ పేటలకు కొత్త కాదు కనుక మేడమీది గది ఉంటే ఇంకా నయం.

ప్రశ్న: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, మొదటి కరపత్రం చిరిగిపోతున్నాయి. లామినేషన్ చేయించవచ్చా?
— బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వద్దు. వేడికి కరిగిన ఆ ప్లాస్టిక్ జిగురు మళ్లీ ఊడి రాదు, లోపల కాగితం మాత్రం పసుపెక్కుతూనే ఉంటుంది. సెలో టేపు కూడా అంటించవద్దు. ఒక మంచి స్కాన్ తీయించి, అసలును వెడల్పాటి కవరులో మడతలు లేకుండా పెట్టి, వెనక గట్టి అట్ట ఉంచండి. గోడకు తగిలించాలనుకుంటే నకలు తగిలించండి. నాఫ్తలీన్ ఉండలు వేసేటట్లయితే గుడ్డలో మూటకట్టి బీరువా మూలన ఉంచండి, కాగితానికి తగలనివ్వవద్దు.

ప్రశ్న: మా పాత కార్యదర్శి గారు ఇరవై ఏళ్లు పనిచేశారు. వరసకు నాకు పెదనాన్న. పదవి దిగి మూడేళ్లయినా పుస్తకాలు ఇవ్వడం లేదు. ‘మీ కుర్రాళ్ల చేతిలో పెడితే ఉంచుతార్రా? నా దగ్గరుంటేనే భద్రం’ అంటారు. ఇంట్లో మాట పోగొట్టుకోలేను, సంఘంలో జవాబు చెప్పుకోలేను.
— అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఆయన మాటలో కొంత నిజం ఉంది, దానికి మీరు కోపం తెచ్చుకోవద్దు. చాలా సంఘాల రికార్డులు ఈనాటికి మిగిలాయంటే ఇలాంటి ఒక పెద్దమనిషి మంచం కింద పెట్టుకోవడం వల్లనే. అయితే పుస్తకాలు ఆయనవి కావు, మీవీ కావు, సంఘానివి. ఆ మాట మీరు అనకండి, పుస్తకాల చేతే అనిపించండి. పాత మినిట్స్‌లో, ఆయన పదవి చేపట్టిన ఏడు, ముందటి కార్యదర్శి నుంచి పుస్తకాలు అందుకున్నట్టు ఆయనే సంతకం చేసిన పేజీ ఉండే అవకాశం ఉంది. ఒక ఆదివారం ఆయన ఇంటికే స్కానర్‌తో వెళ్లి, ‘పెదనాన్నా, మీరు పక్కన కూర్చుని ఒక్కో పేజీ చెప్పండి, మేం ఎక్కించుకుంటాం’ అనండి. నాలుగు ఆదివారాలు గడిచేసరికి ఆయన భయం చాలావరకు తగ్గుతుంది. పైగా పేజీల మధ్య ఉన్న కథలు ఆయన గొంతులో మీకు దక్కుతాయి.

తర్వాత అప్పగింత జాబితా రాయండి. మినిట్స్ పుస్తకాలు ఎన్ని, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, సభ్యత్వ రిజిస్టరు, నగదు పుస్తకం, వాడని రసీదు పుస్తకాల వరుస అంకెలు, సీళ్లు, పాస్‌బుక్కులు, బీరువా తాళాలు అన్నీ అందులో ఎక్కాలి. ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, ఇద్దరు సాక్షులు సంతకాలు చేయాలి. ఇరవై ఏళ్ల సేవను, రికార్డులు భద్రంగా అందజేసిన సంగతిని మెచ్చుకుంటూ సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం చేసి, దాని నకలు పటం కట్టించి ఆయనకివ్వండి. కొందరికి అది శాలువా కంటే ఎక్కువ. ఇవేవీ పనిచేయకపోతే 2001 చట్టం సభ్యుల మధ్య వివాదాలకు మధ్యవర్తిత్వం, జిల్లా కోర్టు అనే రెండు దారులు చూపిస్తుంది. అంత దూరం వెళ్లకుండానే మీ ఇంటి గుమ్మంలో తేలిపోతుందని అనుకుంటున్నాను.

ప్రశ్న: మా నిర్ణయాలన్నీ ఇప్పుడు వాట్సాప్ గ్రూపులోనే జరుగుతున్నాయి. మినిట్స్ పుస్తకం ఇంకా అవసరమా? పాత సంచికల సీడీలు కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. మిగతా పాత కాగితాలను ఏదైనా గ్రంథాలయానికి ఇవ్వాలనుకుంటున్నాం.
— తెనాలి వాస్తవ్యులు, ప్రస్తుతం గుంటూరు

జవాబు: మినిట్స్ పుస్తకం అవసరమే. గ్రూపులో నలభై మంది బొటనవేలి గుర్తు పెట్టారంటే చదివారని అర్థమో, ఒప్పుకున్నారని అర్థమో ఎవరికీ తెలియదు. ఫోను మారితే అదీ పోతుంది. చర్చ ఎక్కడ జరిగినా, నిర్ణయాన్ని తర్వాతి సమావేశంలో తీర్మానంగా పెట్టి, ప్రతిపాదించినవారు, బలపరచినవారు, వ్యతిరేకించినవారు ఎవరో రాసి, పేజీలకు ముందే అంకెలు వేసిన పుస్తకంలో సంతకాలు చేయించండి. పొరపాటు పడితే వైట్‌నర్ పూయకుండా, కింది అక్షరం కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. ఏడాదికోసారి గ్రూపు సంభాషణను ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. సభ్యత్వ ఫారాలకు జోడించిన ఆధార్ నకళ్లను మాత్రం ఈ చరిత్ర కట్టల్లో కలపవద్దు, స్కాన్ చేసి పంచవద్దు.

సీడీల్లో కనిపించేవి పిచ్చి అక్షరాలు కావు. ఆ రోజుల్లో డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్‌లో, అను వంటి ఫాంట్లతో కొట్టేవారు. అవి యూనికోడ్ (ఏ యంత్రంలోనైనా చదవగలిగే అక్షర పద్ధతి) కాదు కనుక ఆ ఫాంట్ లేని యంత్రంలో తెలుగు తెలుగులా రాదు. పాత కంప్యూటర్ ఉన్న డీటీపీ వారిని పట్టుకుని, ముందు ప్రతి పేజీనీ పీడీఎఫ్ చేయించండి, తర్వాత యూనికోడ్‌లోకి మార్పించి ఒత్తులు, గుణింతాలు ఒకరు కూర్చుని దిద్దాలి. సీడీలు శాశ్వతం కావు కనుక ఇది వాయిదా వేసే పని కాదు. మూడు ప్రతులు చేసి, రెండింటిని వేర్వేరు రకాల పరికరాల్లో, ఒకదాన్ని వేరే ఊళ్లో ఉంచండి. గుంటూరులో ఉన్నవారికి తెనాలిలో ఒక ప్రతి పెట్టడం కష్టం కాదు.

గ్రంథాలయానికి ఇవ్వాలన్న ఆలోచన మంచిది. మన ప్రాంతానికి అది కొత్తా కాదు. తొలి గ్రంథాలయ మహాసభ 1914 ఏప్రిల్‌లో విజయవాడలోనే జరిగింది. పాత పత్రికల కోసం పరిశోధకులు ఈనాటికీ వెతుక్కుంటూ వెళ్లే వేటపాలెం సారస్వత నికేతనం 1918లో యువజన సంఘంగా మొదలైనదే. కానీ చెప్పాపెట్టకుండా గోనెసంచి దింపి రావద్దు. వారికి స్థలం ఉందా, చూడవచ్చినవారికి ఇస్తారా, నకళ్లు తీసుకోనిస్తారా, అక్కరలేదనుకుంటే అమ్మేస్తారా, తిరిగి ఇస్తారా అన్నవి ముందే ఉత్తరంలో అడగండి. నడుస్తున్న సంఘం రిజిస్ట్రేషన్ పత్రం, నియమావళి, ఇటీవలి లెక్కలు ఇవ్వవద్దు. ఆదాయపు పన్ను మినహాయింపు కోసం నమోదైన సంస్థలయితే లెక్కల పుస్తకాలను నిబంధనలు చెప్పినన్నాళ్లు తమ దగ్గరే ఉంచుకోవాలి. మిగతావాటికి జాబితా రెండు ప్రతులు రాసి, గ్రంథాలయం వారి సంతకం, సీలు తీసుకుని, మీ ప్రతిని మినిట్స్ పుస్తకంలో జిగురుతో అంటించకుండా దారంతో కుట్టించండి.